అచ్చు నోట్స్ చేతికొస్తే పిల్లలు వినడం మానేస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. క్లాసులో 42 మంది, పీరియడ్ 45 నిమిషాలు. మొదట్లో నోట్స్ డిక్టేట్ చేసేదాన్ని, సగం పీరియడ్ దానికే పోయేది. అందుకని రెండేళ్లుగా ఒక్కో పాఠానికి నాలుగు పేజీల నోట్స్ టైపు చేసి, జిరాక్స్ తీయించి, క్లాసు మొదట్లోనే పంచుతున్నాను. ఇప్పుడు కాగితం చేతిలో పడగానే పిల్లల చెవులు మూసుకుపోతున్నాయి. "అంతా ఇందులో ఉంది కదా టీచర్" అంటున్నారు. పరీక్షలో ఆ వాక్యాలే ముక్కలు ముక్కలుగా రాస్తున్నారు. "ఎందుకు" అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. నోట్స్ ఇవ్వడం మానేయమంటారా? క్లాసు అయ్యాక ఇవ్వమంటారా? స్లైడ్లనే అచ్చు తీసి ఇచ్చేయమని తోటి టీచర్లు అంటున్నారు. అది నయమా?

సమాధానం: టీచర్ గారూ, మానేయకండి. డిక్టేషన్‌కు తిరిగి వెళ్లడం అసలే వద్దు. మీ కాగితంలో ఉన్న లోపం ఒక్కటే, అందులో ఏ లోటూ లేకపోవడం. పాఠం విన్నా వినకపోయినా ఒకేలా ఉండే కాగితాన్ని ముందే చేతికిచ్చి, ఆ తర్వాత వినమంటే ఎవరు వింటారు? దాన్ని బద్ధకం అనలేం, పిల్లలు వేసుకున్న లెక్క సరైనదే. మీకు కావాల్సింది పాఠం వింటేనే నిండే కాగితం.

నోట్స్ రెండు రకాలుగా పనికొస్తాయని 1972లో డి వెస్టా, గ్రే అనే ఇద్దరు పరిశోధకులు విడదీసి చూపించారు. రాసుకుంటున్నప్పుడే విషయం మనసుకు పట్టడం ఒకటి. తర్వాత తిరగేసుకోవడానికి కాగితం మిగలడం రెండోది. మీ అచ్చు నోట్స్ రెండో పని బాగానే చేస్తున్నాయి, మొదటిది మాత్రం అసలు జరగడం లేదు. డిక్టేషన్‌లో రెండూ సరిగా జరగవు. మాట వేగం చేతికి అందదు, నాలుగైదు రెట్లు తేడా ఉంటుంది. అందుకని పిల్లవాడి ధ్యాసంతా వెనకబడకుండా ఉండడం మీదే ఉంటుంది. అర్థం గురించి ఆలోచించే తీరిక దొరకదు, పైగా రాసినదాంట్లో సగం తప్పులు. చదివి వదిలేసిన మాట కన్నా తామే ఆలోచించి పూరించిన మాట ఎక్కువ గుర్తుంటుందని 1978లో స్లామెకా, గ్రాఫ్ ప్రయోగాల్లో తేలింది. ఖాళీలున్న హ్యాండౌట్ పనిచేయడానికి కారణం అదే. అయితే ఏ ఖాళీ వదిలినా పనిచేస్తుందనుకోకండి, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

స్లైడ్ల ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. స్లైడ్లను అచ్చు తీసి ఇవ్వకండి. స్లైడ్ మీరు మాట్లాడుతున్నప్పుడు కంటికి తోడుగా ఉండాల్సిన వస్తువు. మీ మాట లేకపోతే ఇంటి దగ్గర అది అర్థం కాదు. క్లాసులోనేమో జవాబులన్నీ అందులో ముందే కనిపిస్తాయి. ఒక పేజీలో ఆరు స్లైడ్లు కుదిస్తే బొమ్మల్లో అక్షరాలు కనిపించవు, రాసుకునే చోటూ మిగలదు. తెర మీదున్న వాక్యాన్నే మీరు పైకి చదువుతుంటే, పిల్లల చేతిలోనూ అదే వాక్యం ఉంటే, ఒకే విషయం మూడు దారుల్లో వచ్చి ఒకదానికొకటి అడ్డు పడుతుంది.

ఇక మీ నాలుగు పేజీల దగ్గరికి వద్దాం. అవి పారేయాల్సిన పని లేదు. పెన్సిల్ పట్టుకుని ప్రతి వాక్యం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి. పాఠ్యపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించిన వాక్యమైతే కొట్టేయండి, దాని బదులు పుస్తకం పేజీ నంబర్ వేయండి. పిల్లలు చేత్తో రాస్తే టైమ్ తప్ప మరేమీ ఖర్చు కానివి, అంటే నిర్వచనం, సమీకరణం, పరికరాల జాబితా, అంకెల పట్టిక, గీయడం కష్టమైన బొమ్మ, ఇవి అచ్చులోనే ఉండనివ్వండి. మీరు క్లాసులో ప్రశ్నలు వేసి పిల్లల నోటితోనే చెప్పించేవి మూడో రకం. కారణాలు, పోలికలు, తేడాలు, సొంత ఉదాహరణలు, ప్రయోగం నుంచి తేల్చిన విషయం, ఇవన్నీ ఖాళీలవుతాయి. ఇలా చేస్తే నాలుగు పేజీలు ఒక కాగితానికి, అటూ ఇటూ కలిపి రెండు పేజీలకు దిగుతాయి. దిగకపోతే ఒక పీరియడ్‌లో పట్టనంత పాఠం పెట్టుకున్నారని అర్థం.

ఏ ఖాళీ మంచిదో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆకులో పిండిపదార్థం ఉందో లేదో చూసే ప్రయోగం తీసుకోండి. చాలా హ్యాండౌట్లలో "ఆకును ______లో వేడి చేయాలి" అని ఉంటుంది. పిల్లవాడు "ఆల్కహాల్" అన్న ఒక్క మాట కోసం చెవి పెట్టి, అది దొరకగానే మళ్లీ కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఆ ఖాళీకి వినాల్సిన పని లేదు, పక్కవాడి కాగితం చూసినా చాలు. దాని బదులు రెండు గడుల పట్టిక వేయండి. ఎడమ గడిలో "ఏం చేశాం" అచ్చులో ఉంటుంది, కుడి గడిలో "ఎందుకు" ఖాళీగా ఉంటుంది.

1. కుండీలోని మొక్కను 48 గంటలు చీకట్లో ఉంచాం. ఎందుకు?
2. ఒక ఆకులో కొంత భాగాన్ని నల్ల కాగితంతో రెండు వైపులా మూసి, మొక్కను కొన్ని గంటలు ఎండలో ఉంచాం. ఆకంతా ఎందుకు మూయలేదు?
3. ఆకు కోసి ఒక నిమిషం మరిగే నీళ్లలో ముంచాం. ఎందుకు?
4. ఆల్కహాల్‌లో వేసి, ఆ గిన్నెను వేడి నీళ్లలో నిలబెట్టాం. ఆల్కహాల్ ఎందుకు? నేరుగా మంట మీద ఎందుకు పెట్టకూడదు?
5. గోరువెచ్చని నీళ్లలో కడిగాం. ఎందుకు?
6. అయోడిన్ చుక్కలు వేశాం. నీ అంచనా: ______ చూసింది: ______

ఇప్పుడు ఒక్క గడి కూడా వినకుండా నిండదు. ఆకులో ముందే ఉన్న పిండిపదార్థం ఖర్చయిపోవాలని చీకట్లో ఉంచాం. వెలుతురు తగిలిన భాగాన్నీ తగలని భాగాన్నీ ఒకే ఆకులో పోల్చి చూడాలని కొంత భాగమే మూశాం. కణాలు చనిపోయి, వాటి పొరలు దెబ్బతిని, ఆల్కహాల్, అయోడిన్ లోపలికి వెళ్లాలని మరిగే నీళ్లలో ముంచాం. పత్రహరితం కరిగిపోయి రంగు మార్పు స్పష్టంగా కనిపించాలని ఆల్కహాల్ వాడాం. దాని ఆవిరికి నిప్పు అంటుకుంటుంది కాబట్టి మంటకు దూరంగా పెట్టాం. ఆల్కహాల్‌తో పెళుసెక్కిన ఆకు మెత్తబడాలని కడిగాం. మీ పరీక్షలో పిల్లలు వదిలేస్తున్న "ఎందుకు" ప్రశ్నలు ఇవే కదా! ఇక ఆరో వరుసలోని "అంచనా" గడిని అయోడిన్ వేయక ముందే, పెన్నుతో రాయించండి. పెన్సిల్ అయితే ఫలితం చూశాక చెరిపేసి సరైనది రాసుకుంటారు. తన అంచనా తప్పిందని కళ్లారా చూసిన పిల్లవాడికి ఆ నీలి నలుపు రంగు గుర్తుండిపోతుంది.

ఒక పేజీకి ఎనిమిది నుంచి పది ఖాళీలు చాలు. వాటిలో ఒక్క మాటతో నిండేవి మూడు నాలుగుకు మించకూడదు, అవి కూడా ఆ రోజు కొత్తగా నేర్చుకున్న పదాలకే. ఒకే వాక్యంలో రెండు మూడు ఖాళీలు పెడితే ఆ వాక్యం పొడుపు కథ అయిపోతుంది. ఖాళీల పొడవు ఒకేలా ఉంచండి, లేకపోతే గీత పొడవును బట్టి మాట ఊహిస్తారు. ప్రతి ఖాళీకీ నంబర్ వేయండి. "7వ ఖాళీ చూడండి" అంటే 42 మంది కళ్లూ ఒకే చోట ఉంటాయి. నంబర్ లేకపోతే "ఎక్కడ టీచర్, ఎక్కడ?" అన్న వెతుకులాటకే సగం నిమిషం పోతుంది.

బొమ్మల విషయంలో చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. బొమ్మ మీద 1, 2, 3 అని వేసి, పేర్లు కింద ఎక్కడో జాబితాగా ఇస్తారు. కన్ను పైకీ కిందికీ తిరగడంలోనే శ్రమ అయిపోతుంది. పేరు రాసే గీత ఆ భాగం పక్కనే ఉండాలి. ఆకు అడ్డకోత బొమ్మ ఇస్తే గీతల బొమ్మ మాత్రం అచ్చు వేసి, పేర్లు వదిలేయండి. కార్బన్ డయాక్సైడ్ ఎటు నుంచి వస్తుందో, ఆక్సిజన్ ఎటు పోతుందో, నీరు ఎలా చేరుతుందో బాణాలు పిల్లలనే గీయనివ్వండి. బొమ్మంతా గీయడం వేరే నైపుణ్యం, దాని సాధన వేరే రోజు పెట్టుకోండి.

కాగితం ఎలా ఉండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అక్కడే చాలా హ్యాండౌట్లు చెడిపోతాయి. ఏ4 కాగితం మీద తెలుగు అక్షరాలు 13 లేదా 14 పాయింట్లలో, వరుసల మధ్య ఒకటిన్నర రెట్ల ఎడంతో ఉండాలి. అంతకన్నా దగ్గరగా ఉంటే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. రాసే గీతల మధ్య 9 నుంచి 10 మిల్లీమీటర్లు వదలండి. పిల్లల చేతిరాతకు అచ్చు కన్నా రెండు మూడు రెట్లు చోటు కావాలి. టైపు చేస్తున్నప్పుడు జవాబు పట్టినట్టే కనిపించిన గడి, క్లాసులో సరిపోక మార్జిన్‌లోకి పాకుతుంది. అందుకే కాగితం పంచే ముందు ఒక కాపీ తీసుకుని మీరే చేత్తో నింపి చూడండి. ఎడమ పక్క 2.5 సెంటీమీటర్లు వదిలితే ఫైలు రంధ్రం అక్షరాల మీద పడదు. బూడిద రంగు నేపథ్యాలు, ఫొటోలు వద్దు, జిరాక్స్‌లో నల్లగా అలుక్కుపోతాయి. పైన ఒక మూల పాఠం సంఖ్య, కాగితం సంఖ్య, తేదీ ఉండాలి. అవి లేని కాగితం రెండు వారాల తర్వాత ఏ పాఠానిదో ఎవరికీ తెలియదు.

ఎప్పుడు పంచాలి అని అడిగారు. క్లాసు మొదట్లోనే, కానీ మొదటి నిమిషంలో కాదు. మొదటి మూడు నాలుగు నిమిషాలు కాగితం లేకుండా నడవనివ్వండి. "చీకట్లో ఉంచిన మొక్కకు తిండి ఎక్కడి నుంచి వస్తుంది?" లాంటి ప్రశ్న వేసి నలుగురి చేత చెప్పించి, ఆ తర్వాత పంచండి. వరుసకు ఎన్ని కావాలో ముందే లెక్కపెట్టి, ఒక వరుస కట్ట నిలువుగా, తర్వాతి కట్ట అడ్డంగా పేర్చుకుంటే అర నిమిషంలో అయిపోతుంది.

పాఠం నడుస్తున్నప్పుడు రెండు ఆజ్ఞలు స్పష్టంగా ఉండాలి: "పెన్నులు కింద పెట్టండి", "ఇప్పుడు రాయండి". మీరు వివరిస్తున్నప్పుడు, ప్రయోగం చూపిస్తున్నప్పుడు ఎవరూ రాయకూడదు. తర్వాత ఒక నిమిషం ఇవ్వండి, ఆ నిమిషం మీరు మాట్లాడకూడదు. ఇది చాలా కష్టం. నిశ్శబ్దాన్ని భరించలేక టీచర్లు "అంటే ఏంటంటే" అని మళ్లీ మొదలుపెడతారు, పిల్లలు వినాలో రాయాలో తెలియక రెండూ వదిలేస్తారు. ప్రతి 12 నుంచి 15 నిమిషాలకోసారి రెండు నిమిషాలు ఆగి, పక్కపక్కన ఉన్న ఇద్దరినీ కాగితాలు పోల్చుకోమనండి.

బోర్డు మీద పూర్తి జవాబు రాయకండి. మీ పద్ధతి మార్చాక ఇది మళ్లీ మిమ్మల్ని పాత చోటికే లాగే గుంట. "చీకటి, పిండి, ఖర్చు" అని మూడు మాటలు రాస్తే పిల్లవాడు వాక్యం తానే కట్టుకుంటాడు. వాక్యమంతా రాస్తే అది బోర్డు మీది డిక్టేషన్. అక్షరం మారకూడని నిర్వచనాలు, సమీకరణాలు ఎలాగూ అచ్చులోనే ఉన్నాయి.

సొంతంగా రాసినప్పుడు తప్పులు రాస్తారు, అది నిజం. అందంగా రాసుకున్న తప్పును నెలరోజులు నమ్మకంగా చదువుతారు కూడా. అందుకని ఆ ఒక్క నిమిషంలో ఒక నడవ వెంట నడిచి ఏడెనిమిది కాగితాలు చూడండి. అన్ని ఖాళీలూ చూడక్కర్లేదు, పాఠానికి కీలకమైన ఒకటే చూడండి. ఈ ప్రయోగంలో అయితే 4వ వరుస. "పిండిపదార్థం కరగడానికి ఆల్కహాల్ వాడాం" అని ముగ్గురు రాసి ఉంటే క్లాసు మొత్తంలో చాలామంది అలాగే అనుకుంటున్నట్టే లెక్క. ఎవరి పేరూ ఎత్తకుండా అప్పుడే సరిచేయండి. పిండిపదార్థం కరిగిపోతే అయోడిన్‌తో మనం వెతికేది దేన్ని అని అడగండి, తప్పెక్కడుందో వాళ్లే పట్టుకుంటారు.

క్లాసు ముగిశాక కాగితం ఫైలులోకి పోయి నిద్రపోకూడదు. దీనికి కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ రూపొందించిన నోట్స్ పద్ధతి మీ హ్యాండౌట్‌కు బాగా అతుకుతుంది. ఎడమ మార్జిన్ దాటాక 5 లేదా 6 సెంటీమీటర్ల పట్టీ ఒకటి, పేజీ అడుగున 5 సెంటీమీటర్ల చోటు ఒకటి వదలండి. పట్టిక మిగిలిన చోటులోకి వస్తుంది. పీరియడ్ చివరి నాలుగు నిమిషాల్లో రాసిన భాగాన్ని పుస్తకంతో మూసి, పాఠం సారాన్ని అడుగున రెండు వాక్యాల్లో రాయమనండి. ఆ రోజు ఇంటి దగ్గర ఎడమ పట్టీలో ప్రశ్నలు రాసుకోవాలి, ఒక పేజీకి నాలుగైదు చాలు. చదువుకునేటప్పుడు కుడి వైపు మూసి, ఎడమ వైపు ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. మర్నాటి పీరియడ్ మొదటి మూడు నిమిషాలు మీరూ ఇదే చేయించండి. కాగితం చూడకుండా రెండు ప్రశ్నలు, ఆ తర్వాత కాగితం తెరిచి సరిచూసుకోవడం.

పిల్లలు దీన్ని మొదట ఇష్టపడరు. మూసి గుర్తు చేసుకుంటుంటే ఏమీ రానట్టు అనిపిస్తుంది, తెరిచి చదువుతుంటే అన్నీ వచ్చినట్టు అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు చేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. ఈ సంగతి పిల్లలకే నేరుగా చెప్పండి.

పూర్తి నోట్స్ క్లాసు అయ్యాక ఇవ్వొచ్చా అన్నారు. "చివర్లో ఎలాగూ ఇస్తారు" అని తెలిసిన రోజు నుంచి ఖాళీలు నిండవు. బదులుగా రెండు రోజులు ఆగి, మీరు చేత్తో నింపిన కాపీ ఒకటి క్లాసు గోడకు పెట్టండి. తమ కాగితం తీసుకొచ్చి పోల్చి దిద్దుకోవడానికే అది. ఫోన్‌లో ఫొటో తీసుకోనివ్వకండి. ఆ రోజు రాని పిల్లలకూ ఖాళీల కాగితమే ఇచ్చి, పుస్తకం పేజీ నంబర్లు చూపించి నింపుకు రమ్మనండి. స్నేహితుడి కాగితం చూసి దించితే మళ్లీ పాత కథే.

అయితే అందరికీ ఒకే కాగితం సరిపోదు. చూపు తక్కువున్న పిల్లలకు 18 పాయింట్లు లేదా అంతకన్నా పెద్ద అక్షరాలతో, ఒక రోజు ముందే ఇవ్వండి. రాయడం చాలా కష్టమయ్యే పిల్లలకు కారణాల ఖాళీలు మూడు ఉంచి, మిగతావి అచ్చులోనే ఇవ్వండి. వాళ్ల శ్రమ రాతకు కాకుండా ఆలోచనకు ఖర్చు కావాలి. ఖాళీల నంబర్లు అందరి కాగితాల్లోనూ ఒకేలా ఉంటే ఎవరి కాగితం వేరో క్లాసులో బయటపడదు.

ఇంకో సంగతి. ఖాళీల కాగితం కూడా ఏడాది పొడవునా ఒకేలా ఇస్తే ఊతకర్ర అయిపోతుంది. మొదటి నెలలో విషయంలో దాదాపు మూడింట రెండు వంతులు అచ్చులో ఉండనివ్వండి. తర్వాత సగానికి తగ్గించండి. చివరి నెలల్లో శీర్షికలు, పెద్ద ప్రశ్నలు, బొమ్మ గీతలు మాత్రం ఇచ్చి మిగతాదంతా వాళ్లనే రాయనివ్వండి. ఒక కొత్త అధ్యాయం మరీ కఠినంగా ఉంటే మళ్లీ ఒక మెట్టు దిగి ఎక్కువ అచ్చు ఇవ్వడంలో తప్పేమీ లేదు. భద్రతా సూచనలు, ప్రయోగశాల నియమాలు మాత్రం ఎప్పుడూ పూర్తిగా అచ్చులోనే ఉండాలి, వాటిలో ఖాళీ వదలకండి.

అన్ని పాఠాలూ ఒకేసారి మార్చబోకండి. ఒక్క అధ్యాయంతో మొదలుపెట్టండి. మీ దగ్గర ఒక మాస్టర్ కాపీ ఉంచుకుని, ఎర్ర సిరాతో జవాబులు, మార్జిన్‌లో ఏ ఖాళీ ఎన్నో నిమిషంలో వచ్చిందో రాయండి. క్లాసు నుంచి రాగానే, మర్చిపోకముందే, ఎక్కువ మంది తడబడ్డ ఖాళీ చుట్టూ గీయండి. వచ్చే పరీక్షలో ఆ అధ్యాయం నుంచి రెండు "ఎందుకు" ప్రశ్నలు, పాత పద్ధతిలో చెప్పిన అధ్యాయం నుంచి అంతే కష్టమున్న రెండు "ఎందుకు" ప్రశ్నలు పెట్టి, ఎంతమంది జవాబు రాయకుండా వదిలేశారో విడివిడిగా లెక్కపెట్టండి. కొత్త అధ్యాయంలో కూడా ఎక్కువ మంది ఒక ప్రశ్న వదిలేస్తే, మాస్టర్ కాపీలో ఆ ఖాళీ దగ్గరికి వెళ్లి చూడండి. చోటు చాలలేదా, రాయడానికి నిమిషం ఇవ్వలేదా, బోర్డు మీద జవాబంతా రాసేశారా? సాధారణంగా ఈ మూడింటిలో ఒకటై ఉంటుంది.